పొగాకు సొమ్ముతో మందుల పనికి బడి

పొగాకు అమ్మిన డబ్బు ఎటు పోతుంది? ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి... ఏ వేలం కేంద్రం దగ్గర నిలబడి అడిగినా రైతు చెప్పే లెక్క ఒకటే. కౌలు, కూలి, బ్యారన్‌కి కట్టెలు, ఎరువుల కొట్టు బాకీ, బ్యాంకు వాయిదా. ఇవన్నీ పోగా మిగిలితే పిల్లల చదువు. మిగలకపోతే ఆ చదువుకీ అప్పే.

అమెరికాలో నార్త్ కరోలినా అనే రాష్ట్రం వుంది. అక్కడా ఇదే పంట. బ్యారన్‌లో వేడి పెట్టి ఆకుకి పసుపు రంగు తేల్చే పద్ధతి 1839లో ఆ రాష్ట్రంలోని కాస్వెల్ అనే చోట, స్టీఫెన్ అనే బానిస చేతిలో బయటపడిందని చెప్పుకుంటారు. మనం వర్జీనియా పొగాకు అంటున్న పంటకి పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. ఆ పంటకి గడ్డురోజులు వచ్చినప్పుడు ఆ రాష్ట్రం ఒక పని చేసింది. పొగాకు పేరు మీద వచ్చిన సొమ్ములో కొంత తీసి, వూళ్లకి దగ్గర్లో వుండే కాలేజీల్లో మందుల కర్మాగారాల పని నేర్పే కేంద్రాలు పెట్టింది. పెద్ద డిగ్రీలు లేకపోయినా, పన్నెండో తరగతి దాటిన రైతుబిడ్డ కొద్ది నెలలు నేర్చుకుని ఇన్సులిన్, టీకాలు తయారయ్యే చోట పనికి కుదురుకునే దారి వేసింది.

ఆ దారి ఎట్లా వేశారు, అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది మన సన్న, చిన్నకారు రైతులు కూడా తెలుసుకోవాల్సిన సంగతి. ఎందుకంటే కోర్సు చేస్తే చాలు ఫార్మా కంపెనీలో వుద్యోగం ఖాయం అనే బోర్డులు మన బస్టాండుల్లోనూ వేలాడుతున్నాయి. వాటిని చూసి పొలం తాకట్టు పెట్టే తండ్రులూ వున్నారు.

పంటకి కోత పడింది

అమెరికాలో 1938 నాటి చట్టంతో పొగాకుకి కోటా పద్ధతి వచ్చింది. ఎవరు ఎంత పండించాలో ప్రభుత్వమే రాసిచ్చేది. మన దగ్గర బ్యారన్‌కి ఇంత అని పొగాకు బోర్డు అనుమతి ఇస్తున్నట్టే. 1997 తర్వాత అక్కడి కోటా ఏటికేడు తెగ్గోస్తూ వచ్చారు. కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు సగానికి పడింది. సిగరెట్ తాగేవాళ్లు తగ్గారు. బయటి దేశాల ఆకు చౌకగా దొరికింది. దెబ్బ రైతు మీద పడింది.

అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. పొగతాగి జబ్బు పడ్డవాళ్ల వైద్యానికి మేం పెట్టిన ఖర్చు మీరే కట్టాలని రాష్ట్ర ప్రభుత్వాలు సిగరెట్ కంపెనీల మీద దావాలు వేశాయి. 1998 నవంబరులో 46 రాష్ట్రాలకీ నాలుగు పెద్ద కంపెనీలకీ మధ్య రాజీ కుదిరింది. 25 ఏళ్లలో సుమారు 20,600 కోట్ల డాలర్లు కంపెనీలు చెల్లించాలి. అందులో నార్త్ కరోలినా వాటా సుమారు 460 కోట్ల డాలర్లు.

2004లో ఇంకో చట్టం చేసి కోటా పద్ధతినే ఎత్తేశారు. కోటా హక్కు వున్న యజమానికి పౌనుకి 7 డాలర్లు, ఆ కోటా మీద పంట పండించిన రైతుకి పౌనుకి 3 డాలర్లు లెక్కన పదేళ్లలో విడతలుగా ఇచ్చారు. ఆ సొమ్ము సిగరెట్ కంపెనీల దగ్గరే వసూలు చేశారు. అంత పరిహారం ఇచ్చినా, చిన్న రైతులు పొగాకులో నిలబడలేకపోయారు. 2002లో ఆ రాష్ట్రంలో పొగాకు వేసే కమతాలు 8 వేలకు దగ్గర. 2007 వచ్చేసరికి 3 వేలలోపు. మిగిలినవాళ్లు పెద్ద కమతాలవాళ్లు. కొందరు చిలగడదుంపకి మళ్లారు. ఇవాళ అమెరికాలో చిలగడదుంప పండించడంలో ఆ రాష్ట్రానిదే మొదటి స్థానం. చాలామంది మాత్రం కాడి దించేశారు.

మనకి ఈ కథ కొత్తేమీ కాదు. 2000-01లో మన రాష్ట్రంలో వర్జీనియా పొగాకుకి పంట విరామం ప్రకటించారు. 2015లో ధర కూలి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్ల బర్లీ కొనే దిక్కులేక ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. బాధ రెండు చోట్లా ఒకటే. తేడా అంతా వచ్చిన సొమ్ముతో ఏం చేశారన్న దగ్గరే వుంది.

సొమ్ము పంపకం ఇలా

రాజీ డబ్బు చేతికొచ్చాక చాలా రాష్ట్రాలు దాన్ని ఖజానాలో కలిపేసి రోజువారీ ఖర్చులకి వాడేసుకున్నాయి. నార్త్ కరోలినా శాసనసభ వేరే ఏర్పాటు చేసింది. వచ్చే డబ్బులో సగం ఒక ప్రత్యేక సంస్థకి ఇవ్వాలని నిర్ణయించింది. 1999లో పెట్టిన ఆ సంస్థ పేరు గోల్డెన్ లీఫ్. అంటే బంగారు ఆకు. పొగాకు మీద బతికిన పల్లెల్లో కొత్త బతుకుతెరువు చూపించడం దాని పని. మిగతా సగంలో పావు వాటా పొగాకు రైతులకి నేరుగా సాయపడే నిధికి, ఇంకో పావు వాటా ప్రజారోగ్యానికి అని పంచారు.

ఈ బంగారు ఆకు సంస్థ 2003లో 6 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము ఒకే పనికి కేటాయించింది. జీవసాంకేతిక మందుల తయారీలో పని నేర్పడం ఆ పని. సొమ్ము మూడు చోట్లకి వెళ్లింది. ఒకటి, రాలీ నగరంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కట్టిన శిక్షణ కర్మాగారం. పొట్టి పేరు బీటెక్, 2007లో మొదలైంది. పేరు చూసి ఇంజినీరింగ్ డిగ్రీ అనుకోవద్దు, అది కేంద్రం పేరు. రెండు, డర్హమ్ నగరంలో నల్లజాతివారి కోసం పుట్టిన విశ్వవిద్యాలయంలో బ్రైట్ అనే సంస్థ. మూడోది మన రైతుకి దగ్గరగా వుండేది. కమ్యూనిటీ కాలేజీలన్నిటినీ కలిపి పెట్టిన బయోనెట్‌వర్క్.

కమ్యూనిటీ కాలేజీ అంటే?

మన ఐటీఐ, జూనియర్ కాలేజీ, రాత్రి బడి... ఈ మూడూ కలిపి ఒకే కప్పు కింద పెడితే ఎలా వుంటుందో అదే కమ్యూనిటీ కాలేజీ. వయసు నిబంధన లేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడూ వస్తాడు, నలభై అయిదేళ్ల మనిషీ వస్తాడు. పగలు పొలం పని చూసుకుని సాయంత్రం పాఠానికి వెళ్లొచ్చు. ఫీజు విశ్వవిద్యాలయంతో పోలిస్తే బాగా తక్కువ. నార్త్ కరోలినాలో ఇలాంటివి 58 వున్నాయి. ఇంటి నుంచి వెళ్లి వచ్చే దూరంలో ఏదో ఒకటి వుండేలా పరిచారు. ఆ పేరుతో మనదేశంలోనూ 2013 ప్రాంతంలో యూజీసీ ఒక పథకం తెచ్చింది. పేరు ఒకటే అయినా, అక్కడిలా ప్రతి పల్లెకీ అందేంతగా ఇక్కడ వేళ్లూనుకోలేదు.

ముందు అడిగారు, తర్వాత కట్టారు

ఈ మొత్తం కథలో మనం పట్టుకోవాల్సిన ముడి ఇదే. వాళ్లు ముందు భవనం కట్టి, ఆ తర్వాత పిల్లల్ని వెతకలేదు. ముందు కర్మాగారాలకి వెళ్లి, మీకు ఎలాంటి చేతులు కావాలి అని అడిగారు. 1980 దశకం మొదట్లోనే ఆ రాష్ట్రం జీవసాంకేతిక పరిశ్రమ కోసం ఒక ప్రత్యేక కేంద్రం పెట్టుకుని వుంది. అంచేత కంపెనీలతో మాటామంతీ ముందునుంచీ వుంది. కంపెనీలు చెప్పిన జవాబు కళ్లు తెరిపించింది. శాస్త్రవేత్తలు మాకు దొరుకుతున్నారు, ట్యాంకుల దగ్గర నిలబడి జాగ్రత్తగా పని నడిపే మనుషులే దొరకడంలేదు అన్నది ఆ జవాబు సారాంశం. ఆ పనివాడికి ప్రాసెస్ టెక్నీషియన్ అని పేరు.

ఆ పనివాడికి ఏం తెలియాలో రాసుకుని, దాన్నిబట్టి బయోవర్క్ అనే కోర్సు తయారుచేశారు. మొత్తం 130 గంటలకు అటూ ఇటూ. వారానికి రెండు మూడు సాయంత్రాలు వెళితే నాలుగైదు నెలల్లో అయిపోతుంది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ వుంటే చాలు.

జాన్‌స్టన్ కౌంటీ సంగతి చూడండి. కౌంటీ అంటే మన చిన్న జిల్లా అనుకోవచ్చు. పొగాకు, చిలగడదుంప రెండూ బాగా పండే ప్రాంతం. అక్కడ క్లేటన్ అనే వూళ్లో నోవో నార్డిస్క్ అనే డెన్మార్క్ కంపెనీ 1990 దశకం నుంచీ ఇన్సులిన్ మందులు తయారు చేస్తోంది. ఆ దగ్గర్లోనే మనిషి రక్తంలోని ప్లాస్మా నుంచి మందులు తీసే ఇంకో పెద్ద కర్మాగారం వుంది. ఇప్పుడది గ్రిఫోల్స్ కంపెనీది. 2000 దశకం మధ్యలో జాన్‌స్టన్ కమ్యూనిటీ కాలేజీ ఈ కర్మాగారాల సమీపంలోనే శిక్షణ కేంద్రం తెరిచింది. కర్మాగారాలున్న స్థలాన్ని ఒక ప్రత్యేక పన్ను ప్రాంతంగా చేశారు. అక్కడి కంపెనీలు ఆస్తి పన్ను మీద మరికొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ అదనపు పన్ను శిక్షణ కేంద్రానికి పోతుంది. పనివాళ్లు కావాల్సినవాళ్లే బడికి ఖర్చు పెట్టుకున్నారన్నమాట.

ఫలితం కూడా చూడండి. నోవో నార్డిస్క్ 2015లో అదే వూళ్లో దాదాపు 200 కోట్ల డాలర్లతో కొత్త కర్మాగారం ప్రకటించింది. 2024లో మరో 410 కోట్ల డాలర్లతో విస్తరణ ప్రకటించింది. వెయ్యి వుద్యోగాలు వస్తాయని చెప్పింది. బడి ఒక్కదాన్ని చూసే వచ్చిందని అనలేం. పన్ను రాయితీలూ వున్నాయి, నగరం దగ్గరగా వుండటమూ వుంది. కానీ పనికొచ్చే మనుషులు దొరికే చోటికే కంపెనీ మళ్లీ మళ్లీ వస్తుందన్నది మాత్రం కళ్లముందు కనిపిస్తోంది.

బ్యారన్ కాసినవాడికి అర్థమయ్యే పనే

జీవసాంకేతికం అనే మాట వినగానే మనకి కాని పని అనుకుంటాం. కానీ దాని మూలసూత్రం మన వంటింట్లోనే వుంది. పాలల్లో తోడు వేస్తే కంటికి కనపడని జీవాలు పెరిగి పెరుగు చేస్తాయి. తోడు మంచిదై వుండాలి, పాలు గోరువెచ్చగా వుండాలి, గిన్నె శుభ్రంగా వుండాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా పెరుగు చెడిపోతుంది.

ఇన్సులిన్ తయారీ కూడా ఇలాంటిదే. రొట్టెల పిండి పులియబెట్టే ఈస్టు అనే సూక్ష్మజీవిలో, ఇన్సులిన్ తయారుచేసే గుణాన్ని శాస్త్రవేత్తలు చేరుస్తారు. ఆ పని ఒక్కసారే. ఆ తర్వాత రోజూ జరిగేది సేద్యమే. ముందు చిన్న సీసాలో ఆ ఈస్టుని పెంచుతారు. అది నారుమడి. అక్కడ్నించి కాస్త పెద్ద పాత్రలోకి, ఆపైన పెద్ద స్టీలు ట్యాంకులోకి మారుస్తారు. అది నాటు వేయడం. ట్యాంకులో పంచదార లాంటి మేత, గాలి, వేడి, పులుపు ఎంత వుండాలో అంతే వుంచాలి. పంట తయారయ్యాక వెన్న తీసే మిషను లాంటి దాంట్లో తిప్పి జీవకణాల్నీ ద్రవాన్నీ విడదీస్తారు. తర్వాత గొట్టాల్లో నింపిన ప్రత్యేక పదార్థం గుండా పంపి మందుని శుద్ధి చేస్తారు. చివరికి సీసాల్లో నింపుతారు.

బ్యారన్ దగ్గర రాత్రంతా కాపలా కాసిన రైతుకి ఈ పని తీరు వెంటనే పట్టుబడుతుంది. రంగు తేల్చేటప్పుడు 95 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆకు ఎండాక, ఈనె ఎండేసరికి 160 డిగ్రీల దాకా నిదానంగా పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే ఆకు నల్లబడుతుంది. కునుకు తీస్తే అయిదారు రోజుల శ్రమ బూడిద. ట్యాంకు దగ్గర టెక్నీషియన్ చేసే పనీ అదే. థర్మామీటర్ ఒకటే కాదు, పదిరకాల ముళ్లు చూడాలి.

తేడా రెండింట్లో వుంది. మొదటిది శుభ్రత. లోపలికి వెళ్లేముందు తల నుంచి కాలి దాకా కప్పే దుస్తులు ఒక వరస ప్రకారం వేసుకోవాలి. ఆ వరస నేర్చుకోవడానికే కొన్ని పాఠాలు పడతాయి. రెండోది రాత. ఏ పని ఎన్ని గంటలకి చేశాం, ఎంత కొలిచి పోశాం అన్నది అప్పటికప్పుడు రాసి సంతకం పెట్టాలి. ముఖ్యమైన చోట్ల రెండో మనిషి చూసి సంతకం పెడతాడు. రాయని పని చేయనట్టే లెక్క. తప్పు రాసి దిద్దితే, ఎందుకు దిద్దామో కూడా రాయాలి. మందు మనిషి ఒంట్లోకి వెళ్లేది కాబట్టి ఈ కట్టుబాటు.

బడి కట్టాలంటే ఏం కావాలి

నాలుగు గదులు, బల్లలు, నల్లబోర్డు వేస్తే ఈ పని రాదు. ఈత పుస్తకంలో చూసి నేర్చుకోలేం కదా. రాలీలోని శిక్షణ కర్మాగారం అసలు కర్మాగారం నమూనాలోనే కట్టారు. వందల లీటర్లు పట్టే ట్యాంకులున్నాయి. అక్కడ అమ్మకానికి మందు తయారుకాదు. నేర్చుకునేవాడు తప్పు చేయడానికే ఆ ట్యాంకు. ఇక్కడ చేసిన తప్పు రేపు అసలు ట్యాంకు దగ్గర చేయడు.

అలాంటి కేంద్రానికి ముఖ్యంగా కావాల్సినవి ఇవి. దుమ్ము, సూక్ష్మజీవులు రాకుండా గాలిని వడగట్టే యంత్రాంగం. మామూలు నీటిని మందుకి పనికొచ్చేలా శుద్ధిచేసే ఏర్పాటు. పాత్రల్ని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్. ట్యాంకులు, విడదీసే యంత్రాలు. చల్లటి గది. వాడేసిన జీవకణాల్ని చంపి పారబోసే ఏర్పాటు. వీటిలో గాలి, నీరు ఏర్పాట్లకే ఎక్కువ ఖర్చు.

గేదెను కొనడం కన్నా మేపడం కష్టం అంటారు. ఇక్కడా అంతే. కట్టాక ప్రతి బ్యాచ్‌కీ వడపోత గుడ్డలు, మేత పదార్థాలు, రసాయనాలు కొత్తగా కొనాలి. కరెంటు బిల్లు ఆగదు. కర్మాగారంలో ఏళ్ల తరబడి చేసినవాడు పాఠం చెప్పాలి. అలాంటివాడికి మంచి జీతం ఇవ్వాలి. అందుకే ప్రతి కాలేజీలోనూ పెద్ద ట్యాంకులు పెట్టకుండా, చిన్న పనులు దగ్గరి కాలేజీలో, పెద్ద యంత్రాల పని రాలీలో నేర్పేలా సర్దుకున్నారు. ప్రయోగశాల అమర్చిన బస్సుని కూడా వూళ్లకి తిప్పారు.

అందరికీ అందలేదు

ఇంతవరకూ చదివి అక్కడి రైతులందరి కష్టాలూ తీరిపోయాయని అనుకోవద్దు. వుద్యోగాలు ఎక్కువగా రాలీ, డర్హమ్ నగరాల చుట్టుపక్కలే వచ్చాయి. దూరంగా వున్న పొగాకు పల్లెలకి అంత మేలు జరగలేదు. రోజూ గంటన్నర కారు నడిపి పనికెళ్లడం అందరివల్లా కాదు. యాభై దాటిన రైతు మళ్లీ బడికెళ్లి షిఫ్టు వుద్యోగంలో చేరడం అరుదే. మేలు పొందింది ముఖ్యంగా తర్వాతి తరం.

అదే రాష్ట్రంలోని కన్నాపోలిస్ అనే వూరి కథ ఇంకా చేదు. అక్కడ టవళ్లు, దుప్పట్లు నేసే పెద్ద మిల్లు వుండేది. 2003 జులైలో అది మూతపడి ఆ ప్రాంతంలో 4 వేలమందికి పైగా ఒక్కసారిగా వీధిన పడ్డారు. 2005లో అదే స్థలంలో జీవసాంకేతిక పరిశోధన కేంద్రాల సముదాయం కడతామని ప్రకటించారు. వూరంతా ఆశపడింది. దగ్గరి కమ్యూనిటీ కాలేజీ శిక్షణకి సిద్ధమైంది. తీరాచూస్తే మిల్లు కార్మికుల్లో చాలామందికి పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు. చిన్నతనంలోనే మిల్లులో చేరిపోయినవాళ్లు వాళ్లు. ముందు ఆ చదువు పూర్తిచేస్తే గానీ కోర్సుకి అర్హత రాదు. పైగా పరిశోధనశాలలు అడిగింది పెద్ద చదువులవాళ్లని. కాబట్టి వూళ్లో కొత్త భవనాలు లేచినా, పాత కార్మికుల్లో అక్కడ పని దొరికినవాళ్లు కొద్దిమందే.

ఈ రెండు వూళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటతెల్లం. క్లేటన్‌లో కర్మాగారం వుంది, దానికి కావాల్సిన పని ఏమిటో తెలుసు, దానికి తగ్గ బడి వచ్చింది. కన్నాపోలిస్‌లో భవనం వచ్చింది గానీ, వూళ్లో వున్న చేతులకి తగ్గ పని రాలేదు.

మన దగ్గర పరిస్థితి

ఈ పరిశ్రమ మనకి దూరంగా ఏమీ లేదు. వరప్రసాద్ రెడ్డి 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకాని మన దేశంలోనే జన్యు పద్ధతిలో తయారుచేసి చూపించింది. అదీ ఈస్టు నుంచి తీసిందే. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట దగ్గర 1999లో జీనోమ్ వ్యాలీ మొదలైంది. కరోనా కాలంలో కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్, కోర్బెవాక్స్ తయారుచేసిన బయోలాజికల్ ఇ... రెండూ తెలుగునేల కంపెనీలే. విశాఖ పక్కన పరవాడ ఫార్మా సిటీలో, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో మందుల పరిశ్రమలున్నాయి. కాకపోతే ఆ రెండు చోట్లా ఎక్కువగా వున్నవి రసాయనాలతో చేసే మందులు. ట్యాంకుల్లో జీవకణాల్ని పెంచే పని వేరు. కోర్సులో చేరేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

పదో తరగతి పాసైన పిల్లలకి ప్రభుత్వ గుర్తింపు వున్న దారి ఒకటుంది. ఐటీఐల్లో అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అనే రెండేళ్ల కోర్సు. ఏఓసీపీ అంటారు. అలాగే కెమికల్ ప్లాంట్ లాబొరేటరీ అసిస్టెంట్ కోర్సు వుంది. అన్ని ఐటీఐల్లోనూ వుండవు. ఎక్కడ వుందో జిల్లా ఐటీఐలో అడిగి తెలుసుకోవాలి. కోర్సు అయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారంలో పని నేర్చుకుంటూ స్టైపెండు తీసుకోవచ్చు. ఇది ఆడపిల్లలకీ పనికొచ్చే దారే. టీకాలు నింపి, పరీక్షించే విభాగాల్లో వాళ్లూ పనిచేస్తున్నారు.

ఫీజు కట్టేముందు అడగండి

కోర్సు ఎక్కడైనా, ఎవరు పెట్టినా, రైతు సోదరులు డబ్బు కట్టేముందు ఈ కింది సంగతులు నోరు తెరిచి అడగాలి. అడగడానికి మొహమాటపడితే నష్టం మనకే.

1. కిందటి బ్యాచ్ పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారు? పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వమనండి. ఇద్దరు ముగ్గురితో మీరే మాట్లాడండి.

2. ట్యాంకు, ఆటోక్లేవ్, శుభ్రమైన గది చూపించమనండి. ప్రొజెక్టర్ మీద బొమ్మలు చూపిస్తామంటే ఆలోచించండి.

3. పాఠం చెప్పేవాళ్లు కర్మాగారంలో ఎన్నాళ్లు పనిచేశారు?

4. సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర వుంటుంది? ప్రభుత్వ గుర్తింపు వుందా, లేక ఆ సంస్థ సొంత కాగితమా?

5. వుద్యోగం ఇప్పిస్తామనే మాట కాగితం మీద రాసిస్తారా? ఏ కంపెనీ, కాంట్రాక్టు పనా, కంపెనీ పనా?

6. షిఫ్టులు ఎట్లా వుంటాయి? రాత్రి షిఫ్టుకి బండి వుందా? ఆడపిల్లలకి వసతి ఎక్కడ?

7. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వొద్దు. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఆకు కోతలప్పుడు చేతికి సాయం కావాలని పిల్లల్ని తొమ్మిదిలోనో పదిలోనో బడి మాన్పించొద్దు. కన్నాపోలిస్ మిల్లు కార్మికులు నష్టపోయింది ఆ ఒక్క కాగితం లేకే. పదో తరగతి, ఆపైన ఇంటర్ సైన్సు వుంటే ఏ కోర్సు తలుపైనా తట్టొచ్చు.

అడగాల్సిన వాటా

పొగాకు మీద పన్నుల రూపంలో ఏటా వేల కోట్ల రూపాయలు ప్రభుత్వానికి చేరుతున్నాయి. ప్రత్యామ్నాయ పంటలు వేయండి అని రైతుకి సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు. శనగ వేశాం, కంది వేశాం, జామాయిల్, సుబాబుల్ వేశాం. ధర పడినప్పుడల్లా మళ్లీ బ్యారన్ పొయ్యి దగ్గరికే వచ్చాం. పంటకి ప్రత్యామ్నాయం పంట మాత్రమే కానక్కర్లేదు. ఇంట్లో ఒకరు సేద్యంలో వుండి, ఇంకొకరు నెల జీతం తెచ్చే పనిలో వుంటే, ధర పడిన ఏడాది కూడా పొలం అమ్ముకోకుండా గట్టెక్కొచ్చు. నార్త్ కరోలినాలో పొగాకు సొమ్ము చూపించిన దారి అదే.

అంచేత రైతు సంఘాలు పొగాకు బోర్డునీ ప్రజాప్రతినిధుల్నీ గిట్టుబాటు ధర అడిగేటప్పుడు ఈ మాట కూడా అడగాలి. పొగాకు మీద వచ్చే పన్నులో కొంత వాటా పొగాకు పండే మండలాల్లోని ఐటీఐలకి, జూనియర్ కాలేజీలకి ఇవ్వాలి. ఏ పని నేర్పాలో ముందు కర్మాగారాల్ని అడిగి తేల్చాలి. కర్మాగారాలు కూడా ఖర్చులో పాలు పంచుకోవాలి. ఆ తర్వాతే భవనానికి కొబ్బరికాయ కొట్టాలి. వరస తప్పితే వూరి చివర ఇంకో తాళం వేసిన భవనం మిగులుతుంది. వరస కుదిరితే బ్యారన్ దగ్గర నిద్ర కాచిన తండ్రి కొడుకో, కూతురో ట్యాంకు దగ్గర నిలబడి నెల జీతం తెచ్చుకుంటారు.